కంప్యూటర్లు మారిస్తే చాలదు, గది మార్చాలి

విస్సన్నపేట చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి హాస్టల్లో చదువుకున్నవాళ్లం, ఇంకా చదువుతున్నవాళ్లం కలిసి ఇది రాస్తున్నాం.

మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లోనే మనకి ఈఏపీసెట్ వస్తుంది. కంప్యూటర్ మీద రాసే పరీక్ష, ప్రాక్టీసూ దాని మీదే చెయ్యాలి. మా కంప్యూటర్ గది పైఅంతస్తులో, స్లాబు కింద. ఒకటే కిటికీ. మే నెల మధ్యాహ్నం మాక్ టెస్ట్ పెడితే ప్రశ్న మారడానికే నిమిషం పట్టేది. "మీకింకా చెయ్యి తిరగలేదు" అన్నారు సార్. వైరస్ అన్నారు ఇంకొకాయన. డబ్బులు పెట్టి ఫార్మాట్ కొట్టించారు. పొద్దున బాగానే నడిచింది, మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

ప్రాసెసర్ పని చేస్తే వేడెక్కుతుంది. ఫ్యాను ఆ వేడిని గదిలో గాలికి వదులుతుంది, అంతేగానీ గది కన్నా చల్లగా చెయ్యలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 దగ్గర ఆగే చిప్పు, గది 42 అయితే అదే పనికి దాదాపు 87కి పోతుంది. ఫ్యాను కింద రేకుల్లో దుమ్ము, ఎండిపోయిన పేస్టు తోడైతే ఇక 100కి చేరుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి హద్దు అక్కడే. మాడిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఎండలో మిరపకోతకెళ్లిన మనిషి కాసేపు నీడకి చేరితే బద్ధకం అంటామా?

నమ్మకపోతే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడు చూడండి. టెస్ట్ నడుస్తుండగానే చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు తగ్గడం మామూలే. మేము చూస్తే పొద్దున 3 గిగాహెర్ట్జ్ పైన ఉంది, మధ్యాహ్నం 1కి అటూ ఇటూ.

కొత్త కంప్యూటర్లు కావాలని అర్జీ పెడదాం అంటున్న అన్నలతో ఇక్కడే మాకు పేచీ. అవీ ఆ గదిలోనే పెడతారు కదా! 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు, 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. దాన్ని చల్లబరచడానికి నీళ్లెన్ని, కరెంటెంత అని రాష్ట్రమంతా మాట్లాడుతోంది. మనం అడిగేది ఏసీ కూడా కాదు. కింది అంతస్తులో రెండు కిటికీలున్న గది, ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులపడం, కొత్త పేస్టు, ఎండాకాలం ప్రాక్టీసు పొద్దున 6 నుంచి 10 దాకా. ఇంతే. చెయ్యి తిరగలేదన్న మాట విని మా తమ్ముళ్లిద్దరు ఆ గదికి రావడమే మానేశారు, అది మాత్రం మాకు మింగుడుపడటం లేదు.

సోమవారం అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నాం. మీ హాస్టల్లో పొద్దున స్పీడెంత, మధ్యాహ్నం ఎంత, రెండంకెలూ కింద రాయండి. అర్జీకి జత చేస్తాం.