వడ్లు ఆరబోసిన రోడ్డు మీద పందేలా?

మన జిల్లాలో కోతలు మొదలైతే తారు రోడ్డే కల్లం. ఇది కొత్త సంగతి కాదు. కల్లానికి జాగా లేని రైతులు, జాగా ఉన్నా ఎండ చాలని రైతులు ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోస్తున్నారు. రాత్రికి కుప్ప చేసి పట్ట కప్పుతారు. గాలికి పట్ట లేవకుండా, లారీలు ఎక్కి తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. కొత్తగా వచ్చిపడింది మరొకటి. రాత్రి పది దాటాక అదే రోడ్డు మీద కుర్రాళ్లు మోటారు సైకిళ్ల పందేలు వేస్తున్నారు. పందెం వంద రూపాయల నుంచి వేయి దాకా నడుస్తున్నట్లు తెలుస్తున్నది. కొన్నిసార్లు బిర్యానీ పొట్లాలే పందెం.

2025 మార్చిలో మా ఊరి చెరువు కట్ట కింద మలుపులో పదిహేడేళ్ల పిల్లవాడు ఇలాంటి పందెంలోనే పడ్డాడు. మలుపు తిరగగానే ఎదురుగా కుప్ప, చుట్టూ రాళ్లు. బండి ఒక పక్క, పిల్లవాడు ఒక పక్క. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. నలుగురం ఆటోలో వేసుకుని పోయాము. తండ్రి కౌలు రైతు. బండి మేనమామది. లైసెన్సు ఎవరికీ లేదు.

ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఆ కుప్ప ఈ విలేకరి ఇంటిదే. ఆ రాళ్లలో సగం నా చేత్తో పెట్టినవే. అందుచేత ఈ రాత పరాయివాళ్లకు బుద్ధి చెప్పే రాత అనుకోవద్దు.

ఆసుపత్రి వరండాలో ఆ పిల్లవాడి స్నేహితుడు ఒకడు నన్ను నిలదీశాడు. "చెన్నైలో గవర్నమెంటే నడి రోడ్డు మీద రేసు పెట్టింది కదన్నా. అక్కడ నడిపినోళ్లు కూడా మా ఈడోళ్లే. వాళ్లకి చప్పట్లు, మాకు కేసులా?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. తరువాత తెలిసినవాళ్లను అడిగి, పత్రికలు తిరగేసి, కొంత తెలుసుకున్నాను. ఆ అబ్బాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ ఉన్న రోడ్ల మీద రాత్రిపూట దీపాల వెలుగులో ఫార్ములా 4 పందేలు జరిగాయి. మనవాళ్లు చెన్నైకి వైద్యానికో పెళ్లి బట్టలకో పోయినప్పుడు చూసే అన్నా సాలై, మెరీనాకు పోయే దారిలో కూవం మీది నేపియర్ వంతెన, శివానంద సాలై, ఇవే ఆ దారులు. మొత్తం 3.5 కిలోమీటర్లు, 19 మలుపులు. అసలు ఆ పందెం 2023 డిసెంబరులోనే జరగాల్సింది. మన కోస్తాను ముంచి బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను చెన్నైనీ ముంచడంతో వాయిదా పడింది.

ఫార్ములా 4 అంటే ఒకే సీటు ఉన్న చిన్న రేసు కారు. పైకప్పు ఉండదు, చక్రాలు బయటకు ఉంటాయి. గో-కార్టులు నడిపి ఎదిగిన పిల్లలకు పెద్ద కార్ల వైపు ఇది మొదటి మెట్టు. 15 ఏళ్లు నిండితే పోటీకి అర్హత. రోడ్డు మీద బండి నడపడానికి మన చట్టం 18 ఏళ్లు అంటుంటే అక్కడ 15 ఏళ్లవాడు గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతాడు. ఇక్కడే మన కుర్రాళ్లకు లెక్క తప్పుతున్నది. అది రోడ్డే కదా అనుకుంటున్నారు. ఆ రెండు రోజులూ అది రోడ్డు కాదు.

రోడ్డు రోడ్డు కాకుండా పోవడానికి ఏమేమి చేశారో చూడండి. బస్సులు, ఆటోలు, నడిచే మనుషులు అందరినీ ఆపారు. రెండు పక్కలా మనిషి నడుము ఎత్తు కాంక్రీటు దిమ్మెలు సందు లేకుండా పేర్చారు. వాటి మీద ఇనుప తీగల కంచె బిగించారు. ఊడిన చక్రమైనా, విరిగిన రేకైనా చూసేవాళ్ల మీద పడకుండా ఆ కంచె. ఇలాంటి చోట్ల డ్రైనేజీ మూతలను సైతం కదలకుండా బిగిస్తారు. నేల మీద పోయే కారు కింద గాలి లాగే బలానికి ఇనుప మూత లేచి వస్తుంది. 2023లో అమెరికాలోని లాస్ వెగాస్ వీధుల్లో ఇలాంటి మూత లేచి ఫెరారీ కారు అడుగు చీలిపోయింది. కోట్ల రూపాయల కారుకే ఆ గతి పడితే, మనం చేటెడు రాళ్లు పరిచిన దారిలో మేనమామ బండి మాటేమిటి?

ఇవన్నీ చేసినా పందెం వెంటనే మొదలు పెట్టలేదు. దారి భద్రంగా ఉన్నదని ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ధ్రువపత్రం ఇవ్వాలి. మొదటి రోజు వాన కురిసి ఏర్పాట్లు ఆలస్యమయ్యాయి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా కార్లు కదలలేదు. టికెట్టు కొన్నవాళ్లు గంటల తరబడి కూర్చున్నారు. వేలమంది కూర్చుని ఉన్నా, మంత్రులు వచ్చి ఉన్నా, కాగితం లేనిదే బండి కదలకపోవడం ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చిన విషయం.

ఇక కారు సంగతి. నడిపేవాడు కార్బన్ నారతో పోసిన గట్టి తొట్టెలో పడుకున్నట్లు కూర్చుంటాడు. భుజాలకూ, నడుముకూ, తొడలకూ కలిపి పట్టీలు. తలకు హెల్మెట్, ఆ హెల్మెట్‌ను భుజాల మీది పట్టాకు కట్టే తాళ్లు. గుద్దినప్పుడు తల ముందుకు విసిరి మెడ విరగకుండా ఈ ఏర్పాటు. తల మీదుగా కాడి మాదిరి వంగిన ఒక లోహపు చట్రం, దానిని హేలో అంటారు. దారి పొడవునా జెండాలు పట్టుకున్న మార్షల్స్. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నది, వేగం తగ్గించు, ఎవరినీ దాటవద్దు అని అర్థం. ఎర్ర జెండా ఊపితే పందెం ఆగిపోతుంది. డాక్టరు బండిలోనే కాచుకుని ఉంటాడు. మా ఊళ్లో పిల్లవాడు పడినప్పుడు ఆటో దొరకడానికే ముప్పావుగంట పట్టింది.

ఇంత ఉన్నా వీధి పందెం వీధి పందెమే. మైదానంలో కట్టిన సర్క్యూట్‌లో కారు తప్పితే పక్కన ఇసుకో గడ్డో ఉంటుంది. వీధిలో తప్పితే గోడే. దారి ఇరుకు కాబట్టి ముందువాడిని దాటడం కష్టం. అందుకే ఎవరు ముందు వరుసలో నిలబడాలో తేల్చే వేగ పరీక్షకే సగం విలువ. దాటే చోటు ఒకటో రెండో. ఆ ఒక్క చోట అందరూ ఒకేసారి తొందరపడతారు. అక్కడే ప్రమాదాలు.

చైనాలోని మకావ్ పట్టణంలో 1954 నుంచి వీధుల్లో ఈ పందేలు జరుగుతున్నాయి. అక్కడి గుయా సర్క్యూట్ పొడవు 6 కిలోమీటర్ల పైచిలుకు. ఒక మలుపు దగ్గర దారి వెడల్పు 7 మీటర్లే, అంటే మన రెండు వరుసల తారు రోడ్డంత. 1983లో అయిర్టన్ సెన్నా, 1990లో మైకేల్ షుమాకర్ పేరు రాకముందు కుర్రాళ్లుగా అక్కడ ఫార్ములా 3లో గెలిచినవారే. అదే చోట 2018 నవంబరు 18న 17 ఏళ్ల జర్మనీ అమ్మాయి సోఫియా ఫ్లోర్ష్ కారు గంటకు 276 కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పింది. లిస్బోవా మలుపు దగ్గర గాలిలోకి లేచి, కంచె దాటి, ఛాయాగ్రాహకులు నిలబడే కట్టడానికి కొట్టుకున్నది. ఆమె వెన్నెముక విరిగింది. దారి పక్కన విధుల్లో ఉన్నవారికీ గాయాలయ్యాయి. గంటల తరబడి శస్త్రచికిత్స చేసి ఆమెను బతికించారు. మరుసటి ఏడాది అదే దారిలో మళ్లీ పోటీకి దిగింది. ఆమె ధైర్యం గొప్పదే, కాదనను. అయితే ధైర్యం ఒక్కటే ఆమెను బతికించలేదు. కార్బన్ తొట్టె, పట్టీలు, పక్కనే ఉన్న డాక్టర్లు బతికించారు. 2024 నుంచి అక్కడ ఫార్ములా 3కి బదులు అంతకంటే వేగం తక్కువైన ఫార్ములా రీజినల్ కార్లతో పోటీ పెడుతున్నారు. డెబ్బయి ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కు వేశారు.

మన దేశంలోనూ అంతే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో చాలా కాలంగా మోటారు పందేల దారి ఉన్నది. అనుమతి, డాక్టరు, అన్నీ ఉన్న చోటే 2023 జనవరిలో పేరున్న సీనియర్ డ్రైవరు ఒకరు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో మోటారు సైకిళ్ల పోటీలో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల బాలుడు చనిపోయాడు. మన హైదరాబాదులో 2022 నవంబరులో హుస్సేన్‌సాగర్ పక్కన రేసింగ్ లీగు మొదటిసారి పెట్టినప్పుడు ప్రమాదాలు, ఆలస్యాల వల్ల అసలు పందేలు జరపకుండానే ముగించవలసి వచ్చింది. డిసెంబరులో మళ్లీ పెట్టారు. ఏర్పాటు చాలదనిపిస్తే ఆపివేసే మనిషి అక్కడ ఒకడు ఉన్నాడు. మా చెరువు కట్ట మీద ఆపే మనిషి ఎవరు?

ఇంతకూ ఆ అబ్బాయి అడిగిన దానిలో ఒక న్యాయం ఉన్నది. దానిని తోసివేయడం సరి కాదు. చెన్నై పందేనికి ప్రభుత్వ సొమ్ము ఎందుకని, ఆసుపత్రి ఉన్న రోడ్లు మూయడం ఏమిటని మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. పట్నంలో రెండు రాత్రుల పందేనికి పగలు మాదిరి దీపాలు వెలిగించగలిగిన దేశంలో, మన జాతీయ రహదారి దాటే చోట ఒక్క దీపం వెలగడానికి ఏళ్లు పడుతున్నది. సైకిలు మీద కాన్వెంటుకు పోయే పిల్లలు లారీల మధ్య దాటుతున్నారు. ఇది శోచనీయం. పైగా ఈ ఆట డబ్బున్నవారిది. గో-కార్టు కొనాలన్నా, ఒక్క సీజను తిరగాలన్నా కౌలు రైతు కొడుక్కు అయ్యే పని కాదు. హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017లలో జాతీయ స్థాయి పోటీల్లో గెలిచాడంటే తెలుగువాళ్లకు చేతకాదని కాదు. మన పల్లెలకు ఆ మెట్టు అందదు, అంతే.

న్యాయం అంతవరకే. "అక్కడ వాళ్లకు ఉంది, మాకు లేదు, కాబట్టి లేకుండానే చేస్తాం" అన్నది మాత్రం న్యాయం కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించని పందెం నేరం. మొదటిసారికి 3 నెలల వరకు జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2019 సవరణ తరువాత మైనరు చేతికి బండి ఇస్తే తల్లిదండ్రికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఈ సంగతి మా ఊళ్లో ఆ మేనమామకు తెలియదు. మనలో ఎందరికి తెలుసు? పోలీసులు పట్టుకున్న రోజు రాజకీయ నాయకుడికి ఫోను చేయించి బండి విడిపించుకోవడం మాత్రం అందరికీ తెలుసు.

పోలీసులు వచ్చి నాలుగు బండ్లు ఎత్తుకుపోతే పందేలు వారం రోజులు ఆగుతాయి. తరువాత పక్క ఊరి రొయ్యల గుంటల రోడ్డుకు మారుతాయి. ఈ విలేకరి అభిప్రాయంలో మొదట తాళం చెవి ఇంట్లో ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక "అన్నం తిన్నావా అబ్బయ్యా" అని అడిగే తల్లి "బండి ఎక్కడ" అని కూడా అడగాలి. రెండోది, మనం రోడ్డు ఖాళీ చేయాలి. రోడ్డు మీద ధాన్యం పోయడమూ తప్పే. రైతు కష్టం తెలిసినవాడిని కాబట్టి ధైర్యంగా అంటున్నాను. తెలంగాణలో ఉపాధి హామీ పనుల కింద సిమెంటు కల్లాలు కట్టారు. ఊరికి రెండు కట్టినా మనకు చాలా మేలు. అధికారులు దీనిని పరిశీలించవలసిందిగా రైతులు కోరుతున్నారు. మా పంచాయతీలో రెండుసార్లు అడిగాము. జాగా చూపించమన్నారు. చెరువు పోరంబోకు చూపించాము. అది ఆక్రమణలో ఉన్నదన్నారు. ఆక్రమించినది ఎవరో అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

పిల్లవాడు ఇప్పుడు ఊతకర్రతో నడుస్తున్నాడు. ఇంటరు పరీక్ష ఒక ఏడాది పోయింది. మొన్న మా అరుగు మీద కూర్చుని, చెన్నైలో కార్లకు తొడిగే ఆ చట్రం బొమ్మ సెల్‌ఫోనులో చూపించి వివరంగా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. వాళ్ల నాన్న నాతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఆయన కోపం న్యాయమే.

ఈ కోతలకు మా కుప్ప చుట్టూ రాళ్లు పెట్టలేదు. ఊక నింపిన గోతాలు పెట్టి, వాటికి ఎర్ర గుడ్డ కట్టాము. చెరువు కట్ట నుంచి బస్టాండు దాకా మిగిలిన కుప్పలకు మాత్రం రాళ్లే ఉన్నాయి.