రెండేళ్ల డిప్లొమాకు లక్షల జీతమా?

వైద్యరంగంలో బాగా సంపాదించడానికి ఎంబీబీఎస్ దాకా పోనక్కరలేదనీ, ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ల పారామెడికల్ డిప్లొమా, అంటే రక్తపరీక్షలు, ఎక్స్‌రే, డయాలసిస్ వంటి పనుల్లో వైద్యుడికి తోడ్పడేవారికి ఇచ్చే శిక్షణ, పూర్తిచేస్తే చాలుననీ అడ్మిషన్ల కరపత్రాలు ఏటా నమ్మబలుకుతున్నాయి. ఈ నమ్మకానికి ఆధారంగా చూపే ఉదాహరణలు చాలావరకు అమెరికావి. దూరపు కొండలు నునుపు. పళ్ల గార తీసి చిగుళ్లను శుభ్రపరిచే డెంటల్ హైజీనిస్టుకు అక్కడ నాలుగేళ్ల డిగ్రీ లేకున్నా మధ్యస్థ వార్షిక వేతనం, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మొత్తం, 80,000 డాలర్లు దాటిన మాట నిజమే. అయితే ఆ జీతం చదువు పొట్టిదైనందువల్ల వచ్చింది కాదు. గుర్తింపు ఉన్న కోర్సు చదివి, పరీక్ష నెగ్గి, రాష్ట్ర లైసెన్సు పొందినవారే ఆ ఉద్యోగం చేయాలని చట్టం వేసిన కంచె వల్ల వచ్చింది.

కంచె ఒక్కటే ఉన్నా చాలదు. భారతదేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టమే డెంటల్ హైజీనిస్టులకు వేరుగా రిజిస్టరు ఏర్పరచినా, ఆ వృత్తి పేరు విన్న తెలుగువారు అరుదు. బీడీఎస్ చదివినవారే చిన్న క్లినిక్ తెరిచి స్కేలింగ్, అంటే పళ్ల గార తీసే పని, స్వయంగా చేస్తున్నప్పుడు అందుకు మరొకరిని జీతమిచ్చి పెట్టుకొనే అవసరం ఎవరికీ రాదు. ల్యాబ్ టెక్నీషియన్ల పరిస్థితి ఇందుకు తలకిందులు: పని కావలసినంత ఉంది, కంచె లేదు. ఇలాంటి వృత్తులకు దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గాని రాలేదు. రాష్ట్రాల పారామెడికల్ బోర్డులు సర్టిఫికెట్లు ఇస్తున్నా, చిన్న ల్యాబుల్లో పని చూసి నేర్చుకున్న కుర్రవాడు డిప్లొమా ఉన్నవాని పక్కనే కూర్చుని అంతకన్నా తక్కువకు అదే పని చేయగలుగుతున్నంత కాలం జీతం పెరగాలనుకోవడం అత్యాశ.

పైగా ‘తక్కువ చదువు’ అన్న మాటలోనే ఆ పని పట్ల చిన్నచూపు ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనాన్ని, సాధారణంగా దాని పొటాషియం లవణం రూపంలో, ఉంచుతారు. ఆ గొట్టంలోని రక్తం కొద్దిగానైనా పొటాషియం పరీక్షకు పంపే గొట్టంలో కలిస్తే, రోగిలో లేని పొటాషియం రిపోర్టులో కనిపిస్తుంది, కాల్షియం తగ్గినట్లు తేలుతుంది. దాన్ని నమ్మిన వైద్యుడు గుండెకు ముప్పు ఉందనుకొని అక్కరలేని మందు ఎక్కించవచ్చు. సిరంజిని గట్టిగా నొక్కినందువల్ల ఎర్రకణాలు పగిలినా పొటాషియం ఇలాగే తప్పుగా పెరుగుతుంది. ఏ గొట్టం ముందు, ఏది వెనుక అన్నది చేతికి అలవాటు కావాలంటే రోగుల మధ్య నెలల తరబడి పనిచేయవలసిందే. ల్యాబ్ టెక్నీషియన్ల వంటివారి కోర్సులకు 2021 చట్టం కనీసం 2,000 గంటల శిక్షణను నిర్దేశించింది. ఆ గంటలు తరగతి గదిలో నోట్సు రాయించి పూడ్చగలిగేవి కావు.

కనుక ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు కాలేజీకి బోర్డు గుర్తింపు ఉందా, శిక్షణ ఏ ఆసుపత్రిలో, అక్కడ రోజుకు ఎన్ని నమూనాలు వస్తాయి అని విచారించి, గత బ్యాచ్ విద్యార్థుల తొలి జీతం ఎంతో వారినే అడిగి తెలుసుకోవాలి. వారి ఫోన్ నంబర్లు ఇవ్వడానికి వెనకాడే కాలేజీలో చేర్చకపోవడమే మంచిది.