సూరత్ విపత్తుల్లో తోడ్పడిన విద్యాసంస్థలు: మరమగ్గాల కార్మికుని మాటేమిటి?

సూరత్: విశ్వవిద్యాలయాలకు బోధన, పరిశోధనలతో సమానమైన మూడో బాధ్యత సమాజసేవ అని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 1977లోనే ప్రకటించింది. 'విస్తరణ'గా వ్యవహరించే ఈ బాధ్యత చాలాచోట్ల ఎన్ఎస్ఎస్ శిబిరాలకు, మొక్కలు నాటే కార్యక్రమాలకే పరిమితమైంది. సూరత్ అనుభవం ఇందుకు కొంత భిన్నమైనది. పెను విపత్తులు చవిచూసిన ఈ నగరంలో విద్యాసంస్థల విజ్ఞానం పాలనా యంత్రాంగానికి అక్కరకు వచ్చింది. అయితే నగర సంపదకు మూలమైన వలస కార్మికునికి ఆ ఫలం ఏ మేరకు అందిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

ప్లేగు నేర్పిన పాఠం

దక్షిణ గుజరాత్ జిల్లాల ఉన్నత విద్యకు కేంద్రంగా 1960లలో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, సూరత్‌లో జన్మించిన కవి నర్మద్ పేరును 2004లో పెట్టారు. స్వయంప్రతిపత్తి గల సామాజిక అధ్యయన కేంద్రం ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉన్నది. దీనిని సామాజిక శాస్త్రవేత్త ఐ.పి.దేశాయ్ 1969లో స్థాపించారు. సర్దార్ సరోవర్ నిర్వాసితుల పునరావాసాన్ని పర్యవేక్షించి, మదింపు చేసే పనిని 1980లలో గుజరాత్ ప్రభుత్వం ఈ కేంద్రానికే అప్పగించింది.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్తతో లక్షలాది మంది కొద్ది రోజుల్లోనే సూరత్ విడిచి వెళ్లారు. ఈ ఉదంతంపై ప్రొఫెసర్ ఘన్‌శ్యామ్ షా జరిపిన అధ్యయనం 1997లో గ్రంథరూపంలో వెలువడింది. వ్యాధిని కేవలం వైద్య సమస్యగా ఆయన చూడలేదు. ప్రణాళిక లేని నగర విస్తరణ, శ్రామికవాడల్లో పారిశుద్ధ్య లోపం, ప్రజారోగ్య వ్యవస్థ బలహీనత అందులో చర్చకు వచ్చాయి.

నగరాన్ని శుభ్రపరచిన ఘనత మాత్రం పాలనా యంత్రాంగానిదే. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, అధికారులను ప్రతిరోజూ వీధుల్లోకి పంపారు. కొద్ది కాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల్లో రెండవదిగా పేరు పొందింది. ఒకరు కారణాలను వెతికితే, మరొకరు పని జరిపించారు. ఈ రెండు బాధ్యతలనూ ఒకే వేదికపైకి తెచ్చే ఏర్పాటు అప్పట్లో లేదు.

వరద తరువాత భాగస్వామ్యం

ఆ అవసరాన్ని 2006 వరదలు స్పష్టం చేశాయి. ఆ ఏడాది ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు తాపీ నదిలోకి విడుదల కావడంతో నగరంలో అత్యధిక భాగం నీట మునిగింది. అనంతరం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో నగరపాలక సంస్థ, నీటిపారుదల శాఖ, వాణిజ్య మండలి, సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్ఐటీ) చేతులు కలిపాయి. ఎగువ వర్షపాతాన్ని బట్టి జలాశయానికి చేరే నీటిని, నగరంలో మునిగే ప్రాంతాలను ముందుగా అంచనా వేసే హెచ్చరిక వ్యవస్థను రూపొందించారు. ఈ కృషిని కొనసాగించేందుకు ప్రత్యేక ట్రస్టు కూడా ఏర్పాటైంది. అధికారి బదిలీ అయినా, ప్రాజెక్టు గడువు ముగిసినా సమాచారం చెదిరిపోకుండా చూడటమే ఇటువంటి వ్యవస్థ ప్రయోజనం.

కార్మికునికి చేరని విజ్ఞానం

అయితే ఇటువంటి శాశ్వత ఏర్పాటు మరమగ్గాల కార్మికుల విషయంలో కానరాదు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల కార్మికులతోపాటు తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు సూరత్ జౌళి పరిశ్రమలో స్థిరపడ్డాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. నగరపాలక ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటం గమనార్హం.

ఈ కార్మికుల జీవితంపై పరిశోధన తక్కువేమీ జరగలేదు. డచ్ పండితుడు యాన్ బ్రెమన్ 1960లలోనే దక్షిణ గుజరాత్ శ్రామికులపై అధ్యయనం ప్రారంభించారు. 12 గంటల షిఫ్టులు, పని లెక్కన కూలి, హాజరు పట్టీలో పేరు లేని ఉద్యోగం వంటివి ఏనాడో గ్రంథస్థమయ్యాయి. అయినా 2020 లాక్‌డౌన్‌లో స్వస్థలాలకు పంపాలంటూ సూరత్‌లో కార్మికులు వీధికెక్కారు. వలస కార్మికుల సమగ్ర వివరాలు దేశంలో ఎక్కడా లేవని అప్పుడు బయటపడింది.

నగరమంతటినీ ముంచే వరద యజమానిని, కార్మికుని ఒకేలా తాకుతుంది. అందువల్ల భాగస్వాములు కలిసి వచ్చారు. మగ్గం హోరుకు వినికిడి తగ్గడం, గుర్తింపు పత్రం లేక నష్టపరిహారం అందకపోవడం కార్మికునికే పరిమితమైన కష్టాలు. వీటిని బయటపెట్టే అధ్యయనం మగ్గాల యజమానులకు రుచించకపోవచ్చు. విద్యాసంస్థ సేవకు అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది.

దీనికి కొత్త సంస్థలు అవసరం లేదు. విశ్వవిద్యాలయం, సామాజిక అధ్యయన కేంద్రం, నగరపాలక వైద్య కళాశాల ఈ నగరంలోనే ఉన్నాయి. షిఫ్టు ముగిసే వేళకు, కార్మికుని భాషలో, అతని వాడలోనే ఆరోగ్య పరీక్షలు, నమోదు జరపడానికి ఇవి ఉమ్మడిగా పూనుకోవచ్చు. 12 గంటలు మగ్గం వద్ద నిలబడిన వ్యక్తి విశ్వవిద్యాలయానికి రాలేడు. విశ్వవిద్యాలయమే అతని వద్దకు వెళ్లవలసి ఉంటుంది.