కుర్చీ పనితనంలో సగం వాటా ఇంటిది

డెన్మార్క్‌లో 1940లలో, 50లలో తయారైన చెక్క చేతుల కుర్చీల గురించి ఎక్కడ చదివినా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి కుర్చీని గీసిన డిజైనర్‌ది, రెండోది చేసిన వడ్రంగి దుకాణానిది. నాకైతే అక్కడ మూడో పేరు కూడా ఉండాలనిపిస్తుంది. ఆ కుర్చీని డెబ్బయ్యేళ్లపాటు ఇంట్లో కాపాడుకుంటూ వచ్చిన మనిషి పేరు.

చేసినవాళ్ల గొప్పతనం తక్కువేమీ కాదు. హాన్స్ వెగ్నర్ బూట్లు కుట్టే ఆయన కొడుకు, చిన్నతనంలోనే వడ్రంగం నేర్చుకున్నాడు. ఆయన 1949లో గీసిన గుండ్రటి కుర్చీ 1960లో కెన్నెడీ, నిక్సన్ల టీవీ చర్చలో కనిపించి ప్రపంచానికి తెలిసింది. దాని వీపు, రెండు చేతులూ ఒకే కొమ్మని వంచి చేసినట్టు ఉంటాయి. నిజానికి అవి మూడు ముక్కలు. మొదట్లో ఆ అతుకులు కనబడకుండా వీపు మీద పేము చుట్టారు. తర్వాత ఆయన దాచడం మానేసి, వేళ్లలో వేళ్లు కలిపినట్టుండే అతుకుని బయటికే కనిపించనిచ్చాడు. పని బాగుంటే అతుకు కూడా అందమే కదా!

ఫిన్ యూల్ చదివింది భవన నిర్మాణం. ఆయన గీసిన మెలికల్ని చెక్కలోకి తెచ్చింది నీల్స్ వోడర్ అనే వడ్రంగి. అందుకే ఆ కుర్చీల అడుగున ఇద్దరి పేర్లతోనూ ముద్ర ఉంటుంది. కోపెన్‌హాగన్ వడ్రంగుల సంఘం 1927 నుంచి 1966 దాకా ఏటా ప్రదర్శన పెట్టింది. ఆ నలభై ఏళ్ల చరిత్రని 1987లో నాలుగు సంపుటాలుగా కూర్చింది గ్రెటె యాల్క్ అనే ఆవిడ. ఆవిడా వడ్రంగం నేర్చుకుని డిజైనర్ అయినవారే. అలా చేసినవాళ్ల పేర్లు భద్రంగా మిగిలాయి.

మరి ఇంట్లో జరిగిన పని సంగతి? ఓక్, బీచ్ చెక్కతో చేసిన కుర్చీలు చాలావాటికి వార్నిష్ ఉండదు. సబ్బు పొరల్ని వేడినీళ్లలో కలిపి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కొన్నాళ్లకి మళ్లీ అదే పని. టేకు కుర్చీ అయితే నూనె పట్టించాలి, ఎండ నేరుగా పడకుండా చూసుకోవాలి, దాని చేతి మీద ఎవరూ వేడి కప్పు పెట్టకుండా కనిపెట్టుకోవాలి. వెగ్నర్‌దే ఇంకో ప్రసిద్ధమైన కుర్చీ ఉంది, వీపు దగ్గర వై అక్షరంలా ఉండేది. దాని సీటు అల్లడానికి సుమారు 120 మీటర్ల కాగితపు తాడు పడుతుంది. అది వదులైతే మన నులక మంచంలాగే మళ్లీ అల్లించుకోవాలి. అల్లేవాళ్లని వెతకాలి, బేరమాడాలి, వచ్చాక సరిగ్గా ఉందో లేదో కూర్చుని చూసుకోవాలి.

ఇదంతా చేసింది ఇల్లాలే అని నా దగ్గర రుజువేమీ లేదు. కానీ ఏ దేశమైనా, ఇంట్లో తుడిచే గుడ్డ ఎక్కువగా ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలియనిది కాదు. ఇప్పుడా కుర్చీ వేలానికి వస్తే డిజైనర్ గురించి పేజీ రాస్తారు, వడ్రంగి గురించి ఒక పేరా. ఆమె చేసిన పని గురించి "మంచి స్థితిలో ఉంది" అని మూడు మాటలు. ఆ మూడు మాటల వల్లే ధర పెరుగుతుంది!

చేసినవాడు సరిగ్గా చేయకపోతే ఎంత తుడిచి ఏం లాభం అంటారేమో. నిజమే. చెక్కపొట్టు అదిమి చేసిన బల్ల ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఇక మనం చేయగలిగింది ఏమీ లేదు, పారేయడమే. ఆ డేనిష్ వడ్రంగుల మీద నాకు గౌరవం కలిగింది సరిగ్గా ఇక్కడే. ఇంటివాళ్ల చేతికి అందే పనిని వాళ్లు మిగిల్చారు. అల్లిక పోతే మార్చుకోవచ్చు, పరుపు గుడ్డ చిరిగితే కొత్తది కుట్టించుకోవచ్చు, చెక్క మాసిపోతే సబ్బునీళ్లు చాలు. మంచి పనివాడు తన తర్వాత వచ్చే చేతుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు.

అందుకే కుర్చీ కొనేటప్పుడు, అది డేనిష్‌దైనా మన ఊరి వడ్రంగి చేసిందైనా, ముందు నునుపూ రంగూ చూడకండి. తిరగేసి అడుగు చూడండి. ఏది విడదీయొచ్చు, ఏది మళ్లీ అల్లించొచ్చు, దేనితో తుడవాలి అని అమ్మేవాణ్ణి అడగండి. జవాబు చెప్పలేకపోతే అది మన పిల్లల దాకా రాని కుర్చీ అనుకోండి.

ఇంకో మాట. ఇంట్లో కుర్చీ అల్లించినా, పాలిష్ పట్టించినా, ఒక చిన్న చీటీ మీద తేదీ, మీ పేరు రాసి సీటు అడుగున అతికించండి. వడ్రంగి ముద్ర పక్కన మన పేరూ ఉండనిద్దాం. గొప్ప కోసం కాదండీ, రేపు ఆ కుర్చీలో కూర్చునే మనవరాలికి ఇది ఊరికే నిలవలేదని తెలియడానికి.