డబ్బా మాది, గేమ్ కూడా మాకే అంటే ఎట్లా?

మొన్నటి ఈద్‌కు కొత్తగూడెం నుంచి తమ్ముడి కుటుంబం ఖమ్మం వచ్చింది. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా దస్తర్‌ఖాన్ మీదే ఉన్నాయి, పిల్లలిద్దరూ టీవీ ముందు చేరి మావాడి గేమ్‌లో పడ్డారు. సాయంత్రం బయలుదేరేటప్పుడు తమ్ముడి కొడుకు, "బడే అబ్బా, నాకూ ఇదే గేమ్ కావాలి" అన్నాడు. ఈదీగా కొనిస్తానని మాటిచ్చేశాను. వాళ్లు వెళ్లాక మావాడు నవ్వాడు: "అబ్బా, వాళ్ల డబ్బా వేరే కంపెనీది. ఈ గేమ్ దానికి రాదు."

పిల్లాడికి ఇచ్చిన వాదా తప్పాల్సి వచ్చింది. ఎందుకు రాదని అడిగితే మావాడి జవాబు ఒకటే: "ఎక్స్‌క్లూజివ్." దానికి మన భాషలో మంచి మాట ఉంది, ఇజారాదారీ.

నా చిన్నప్పుడు మామూ జిద్దా నుంచి టేప్‌రికార్డర్ తెచ్చాడు. సాబ్రీ బ్రదర్స్ ఖవ్వాలీ క్యాసెట్ మా ఇంట్లో మోగి, పక్కింటికి పోయి, మొహల్లా అంతా తిరిగి వచ్చేసరికి రీలు సాగిపోయేది. ఎవరింటి మిషన్ ఏ కంపెనీదో ఎవరూ అడగలేదు. ఆ క్యాసెట్‌ను 1963లో ఫిలిప్స్ తెచ్చింది. దాన్ని అందరూ తయారు చేసుకునేలా ఉచితంగా లైసెన్స్ ఇవ్వమని ఫిలిప్స్ మీద ఒత్తిడి తెచ్చింది ఎవరనుకున్నారు? సోనీ! ఈరోజు ప్లేస్టేషన్ గేములకు తాళం వేసే ఆ సోనీయే.

కంపెనీల దలీల్ ఏమిటంటే, పైసలు మావి, గేమ్ మీద హఖ్ మాది. సొంత ఖర్చుతో చేయించుకున్న గేమ్‌ను ముందు తన డబ్బా మీద అమ్ముకుంటే నాకు ఎతరాజ్ లేదు. ఎప్పటిదాకా? స్పైడర్‌మ్యాన్ 2018లో ప్లేస్టేషన్‌కు మాత్రమే వచ్చింది. 2022లో కంప్యూటర్‌కూ వచ్చింది. అంటే కుదరక కాదు, ఇష్టం లేక ఆపారు. మైక్రోసాఫ్ట్ కూడా తక్కువ తినలేదు. బెథెస్డా మాతృసంస్థను 2021లో 750 కోట్ల డాలర్లకు కొని, 2023లో ఆ స్టూడియో తెచ్చిన స్టార్‌ఫీల్డ్‌ను ప్లేస్టేషన్‌కు ఇవ్వలేదు. అదే మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్‌ను కొనబోతే, కాల్ ఆఫ్ డ్యూటీ తమకు దక్కదేమోనని సోనీ ఫిర్యాదులకు దిగింది. చివరికి 2023లో పదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. తన దాకా వచ్చేసరికి సోనీకి ఇన్సాఫ్ గుర్తొచ్చింది.

మన దేశంలోనే జరిగిన తమాషా ఇంకొకటి. పుణె కుర్రాళ్లు 'రాజీ' అనే గేమ్ చేశారు, మన దేశపు కథలతో, మన కోటల్లాంటి కోటలతో. 2020 ఆగస్టులో అది ముందుగా నింటెండో స్విచ్‌కు మాత్రమే వచ్చింది. నింటెండో ఆ డబ్బాను మన దేశంలో అధికారికంగా అమ్మనే అమ్మదు! మిగతా డబ్బాలకు అక్టోబర్‌లో గానీ రాలేదు.

"భాయ్, మన బస్తీల్లో ఇదీ ఒక మస్‌అలానా?" అనేవాళ్లుంటారు. 2021లో ప్లేస్టేషన్ 5 ఇక్కడికి వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. మనలాంటి ఇళ్లలో ఇలాంటిది పదేళ్లకోసారి కొంటాం, అదీ గల్ఫ్‌లో ఉన్న మామూయో చాచాయో కలిసొస్తే. ఒక్క గేమ్ కోసం రెండో డబ్బా కొను అంటే అది మన జేబు మీద జుల్మే.

ధాన్యం దాచి ధర పెంచడం ఎహ్తెకార్, గునాహ్ అని ఖుత్బాల్లో వింటాం. గేమ్ ధాన్యం కాదు, ఒప్పుకుంటాను. చాలామంది ఫుఖహా ఆ హుకుంను తిండిగింజల వరకే ఉంచారు. ఇమామ్ అబూ యూసుఫ్ మాత్రం, ఏ వస్తువును ఆపితే జనానికి నష్టమో అదంతా ఎహ్తెకారే అన్నారు. ఫత్వా ఇవ్వడానికి నేనెవర్ని? కానీ కమాన్ బజార్‌లో ఏ సేఠ్ అయినా, "నీ సంచీ మా దుకాణంది కాదు, బియ్యం ఇవ్వను" అంటే మనం ఊరుకుంటామా?

నేనడిగేది పెద్దదేం కాదు. ఏడాది పాటు గేమ్ మీ దగ్గరే ఉంచుకోండి, మునాఫా తీసుకోండి. ఆ తర్వాత అందరికీ అమ్మండి. అప్పటికే అందరూ ఆడుతున్న గేములను స్టూడియోతో సహా కొనేసి కొత్తగా తాళం వేయకండి. ఇక మనం, కొనేముందు పిల్లల్ని ఒక్క మాట అడుగుదాం: నీ దోస్తుల దగ్గర, నీ భాయీల దగ్గర ఏ డబ్బా ఉంది అని. నేను అడగలేదు.

ఆ ఈదీ ఇంకా బాకీ ఉంది. దాని బదులు క్యారమ్ బోర్డు ఇప్పించమంటాడు తమ్ముడు. వాడి కొడుకు మాత్రం ఒప్పుకోవడం లేదు.