మోటారు పని కూడా ఇంటిపనే

రిమోట్ ట్రక్కు ఆగిపోతే "నాన్న వచ్చాక చూస్తార్లే" అనడం మన ఇళ్లలో మామూలు. నాకు ఆ మాట నచ్చదండీ. మోటారు సంగతి అమ్మకు తెలియదని ఎవరన్నారు? రోజూ మిక్సీ తిప్పే మనకి మోటారు కష్టం తెలియకుండా ఉంటుందా?

మిక్సీలో ఉన్నట్టే చాలా రిమోట్ ట్రక్కుల్లోనూ బ్రష్షుల మోటారే ఉంటుంది. లోపల తిరిగే భాగం చివర రాగి రేకుల చుట్టు ఉంటుంది, దాన్ని కమ్యుటేటర్ అంటారు. దానికి రెండు పక్కలా కార్బన్ బ్రష్షులు ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఒరుసుకుంటాయి కాబట్టి అరుగుతాయి. బాగా అరిగితే నిప్పురవ్వలు, మాడువాసన.

కొత్త మోటారును మొదటి రోజే ఫుల్ స్పీడులో పరిగెత్తించకూడదు. కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది, కొత్త బ్రష్షు చివర దానికి పూర్తిగా ఆనదు. ఆనే చోటు తక్కువైతే రవ్వలు ఎక్కువ లేచి రాగి కాలుతుంది. అందుకే ట్రక్కును చక్రాలు నేలకు తగలకుండా ఒక డబ్బా మీద పెట్టి, కొన్ని నిమిషాలు నిదానంగా తిరగనివ్వాలి. మోటారు బయటికి తీయగలిగితే 1.5 వోల్టుల సెల్లులు రెండు కలిపి, 3 వోల్టులతో తిప్పడం ఇంకా మంచిది. కొత్త అట్లపెనానికి నూనె రాసి, సన్నమంట మీద కాచి, ఆ తరవాతే కదా మనం అట్టు పోసేది!

కొందరు మోటారును నీళ్లలో ముంచి తిప్పుతారు. బ్రష్షులు త్వరగా కుదురుతాయి కానీ అరుగుదలా ఎక్కువే. తడి ఆర్చి నూనె వేయకపోతే తుప్పు కూడా. పిల్లలతో చేసేటప్పుడు పొడి పద్ధతే మేలు.

మా దేవరాపల్లిలో పిల్లలు కాలువ గట్ల మీద, కల్లాల్లో తిప్పుతారు. ఆట అయ్యాక ముందు బ్యాటరీ తీయించండి. పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపించండి. ఇరుసులకు చుట్టుకున్న గడ్డి, వెంట్రుకలు లాగించండి. మోటారు షాఫ్టు బయటికొచ్చే చోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు, అది బ్రష్షుల మీద పడకూడదు. ఆడుతుండగా మోటారు బాగా వేడెక్కితే చల్లారేదాకా ఆపాలి. మిక్సీని మధ్యమధ్య ఆపుకుంటూ రుబ్బే మనకి ఇదేమైనా కొత్తా?

"బొమ్మే కదా, పోతే ఇంకోటి కొందాం" అంటారు. చిన్న మోటార్లు చాలావరకు మూసేసి వస్తాయి, బ్రష్షులు మార్చలేం, నిజమే. బీఎల్‌డీసీ ఫ్యాన్లలో లాగా అసలు బ్రష్షులే లేని మోటార్లు ఉన్న ట్రక్కులూ వచ్చాయి. అయినా దుమ్ము, వేడి దేన్నీ వదలవు. పైగా నేను చెప్పేది బొమ్మ గురించి మాత్రమే కాదు. మిక్సీ 230 వోల్టులది, దాన్ని పిల్లల చేత విప్పించలేం. ట్రక్కు బ్యాటరీ 7.2 వోల్టులది. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే చాలు, వస్తువును విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం దాని మీద నేర్చుకోవచ్చు.

ఇందులో ఒక్కటే షరతు. ట్రక్కు అబ్బాయికి, అంట్లు అమ్మాయికి అని పంచకండి. స్క్రూడ్రైవరూ, పీచూ రెండూ ఇద్దరి చేతికీ ఇవ్వండి.