జీతం స్లిప్ ఒక్కటే చాలదు.. ఖర్చుల చిట్టా కూడా చూస్తున్నారు! కోల్‌బెల్ట్‌లో లోన్‌కు కొత్త పరీక్ష

సింగరేణిలో పర్మినెంట్ నౌకరీ ఉందంటే చాలు.. గోదావరిఖని, ఎన్టీపీసీ, సెంటినరీ కాలనీ ఏరియాల్లో పర్సనల్ లోన్ ఇప్పిస్తామంటూ ఏజెంట్లు ఇంటిదాకా వస్తారు. మూడు నెలల జీతం స్లిప్పులు, ఆధార్, పాన్, సిబిల్ స్కోర్ బాగుంటే పని అయిపోయినట్టే అన్నది చాలామంది కార్మికుల లెక్క. ఇప్పుడా లెక్క మారుతోంది. జీతం ఎంత వస్తోంది అన్నదాంతో పాటు, వచ్చిన జీతం ఎటు పోతోంది అన్నది కూడా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు చూస్తున్నాయి. ఆరు నెలలో, ఏడాదో ఖాతాలో జరిగిన లావాదేవీలన్నీ సాఫ్ట్‌వేర్ ముందుకు వెళ్తున్నాయి.

దీనికి దారి వేసింది 'అకౌంట్ అగ్రిగేటర్' విధానం. రిజర్వ్ బ్యాంక్ 2016 సెప్టెంబర్‌లో దీనికి నిబంధనలు ఇచ్చింది. 2021 సెప్టెంబర్ 2న కొన్ని పెద్ద బ్యాంకులతో ఇది ఆచరణలోకి వచ్చింది. పాత పద్ధతిలో బ్రాంచ్‌కు వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకుని, స్టాంప్ వేయించుకుని ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో ఓటీపీ కొడితే చాలు, ఖాతా ఉన్న బ్యాంకు నుంచి లోన్ ఇచ్చే సంస్థకు సమాచారం నేరుగా వెళ్తుంది. మధ్యలో ఉండే అగ్రిగేటర్‌కు ఆ డేటాను తెరిచి చూసే వీలు ఉండదు, దాచుకునే హక్కు లేదు. ఏ ఖాతా, ఎన్ని నెలల వివరాలు, ఎందుకోసం, ఎంతకాలం అన్నది అనుమతి పత్రంలోనే ఉండాలి. నచ్చకపోతే ఆ అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద విధానం పకడ్బందీగానే ఉంది. అయితే లోన్ అర్జెంట్‌గా కావాల్సిన మనిషి ఆ స్క్రీన్ మీద అక్షరాలు చదువుతాడా, 'ఓకే' నొక్కేస్తాడా అన్నది వేరే సంగతి!

సాఫ్ట్‌వేర్ ఏం చూస్తుంది?

మొదట జీతం ఒకే తేదీ అటూ ఇటుగా క్రమం తప్పకుండా పడుతోందా అని చూస్తుంది. తర్వాత ఈఎంఐలు ఎన్ని, వాటిలో బౌన్స్ అయినవి ఎన్ని, నెల మధ్యలో ఖాతాలో ఎంత మిగులుతోంది, ఏటీఎం నుంచి నగదు ఎంత తీస్తున్నారు, చిన్న చిన్న లోన్ యాప్‌ల నుంచి డబ్బు వచ్చి పోతోందా అన్నది లెక్క కడుతుంది. ఉదాహరణకు చేతికి 55 వేలు వచ్చే కార్మికుడికి ఇప్పటికే 24 వేల ఈఎంఐలు ఉన్నాయనుకుందాం. కొత్తగా 9 వేల ఈఎంఐ కలిస్తే 33 వేలు, అంటే జీతంలో 60 శాతం వాయిదాలకే పోతుంది. చాలా సంస్థలు అక్కడే ఆగిపోతాయి.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. అసలు చిక్కు కోల్‌బెల్ట్ జీవితం ఆ స్టేట్‌మెంట్‌లో ఎలా కనిపిస్తుందన్న దగ్గర మొదలవుతుంది.

ముందుగా పండుగ డబ్బు సంగతి. సింగరేణిలో దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ ఇస్తారు. 2024లో లాభాల్లో 33 శాతం వాటాగా 796 కోట్లు, 2025లో 34 శాతం వాటాగా 819 కోట్లు ప్రకటించారు. సగటున ఒక్కో కార్మికుడికి 2024లో సుమారు 1.90 లక్షలు, 2025లో సుమారు 1.95 లక్షలు అన్నమాట. దీపావళి బోనస్ 2024లో 93,750 రూపాయలు, 2025లో 1.03 లక్షలు. 2023 సెప్టెంబర్‌లో అయితే 11వ వేజ్‌బోర్డు ఏరియర్స్ కూడా ఒకేసారి పడ్డాయి. ఆ రెండు నెలల్లో ఖాతాలో డబ్బు పొంగుతుంది, అంతే వేగంగా ఖాళీ అవుతుంది. పిల్లల ఫీజు, బంగారం విడిపించడం, ఇంటి స్లాబు, చేబదుళ్లు.. అన్నీ అప్పుడే తీర్చుకుంటారు. ఇక్కడి బ్రాంచ్ మేనేజర్‌కు ఇది చెప్పక్కర్లేదు. దూరంగా ఎక్కడో తయారైన మోడల్‌కు మాత్రం చెప్పాల్సిందే. లేదంటే దానికి ఇది దుబారాలాగే కనిపిస్తుంది.

రెండోది ఇంకా బాధాకరం. బొగ్గు గనుల ప్రాంతంలో ఏటీఎం కార్డులు తాకట్టు పెట్టే దందా కొత్తదేం కాదు. నూటికి ఐదు, పది రూపాయల వడ్డీకి అప్పిచ్చే ప్రైవేటు వ్యాపారులు కార్డు, పాస్‌బుక్, ఖాళీ చెక్కులు దగ్గర పెట్టుకుంటారు. జీతం పడ్డ రోజే కార్డుతో డబ్బు తీసేసుకుని, వడ్డీ పట్టుకుని, మిగిలింది కార్మికుడి చేతిలో పెడతారు. ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం! బ్యాంకులో పర్సనల్ లోన్ దొరికితే ఈ భారం మూడో వంతుకో, నాలుగో వంతుకో దిగుతుంది. కానీ అతని స్టేట్‌మెంట్ ఎలా ఉంటుంది? జీతం పడ్డ రోజే మొత్తం నగదు విత్‌డ్రా, మిగతా నెలంతా ఖాతా ఖాళీ. సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి ఈ మనిషికి డబ్బు నిలవదని తేల్చి, దరఖాస్తు తిరస్కరిస్తుంది. వడ్డీ వ్యాపారి నుంచి బయటపడాలని బ్యాంకు గడప ఎక్కిన వాడు మళ్లీ అదే వ్యాపారి దగ్గరికి పోవాల్సి వస్తోంది.

మూడోది ఇంటి లెక్క. జీతం పడగానే సగానికి పైగా భార్య ఖాతాకు పంపే కార్మికులు చాలామంది ఉంటారు. చిట్టీ, పొదుపు సంఘం వాయిదా, కిరాణం అంతా ఆమే నడిపిస్తుంది. భర్త స్టేట్‌మెంట్‌లో మాత్రం అది 'ఖర్చు'. ఆమె దగ్గర మిగిలిన పొదుపు ఈ లెక్కలోకి రానే రాదు. కిరాణా కొట్టు యజమాని సొంత పేరుతో క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే, అక్కడ కొన్న బియ్యం, నూనె కూడా 'ఎవరో వ్యక్తికి పంపిన డబ్బు'గానే రికార్డు అవుతుంది. అది సరుకుల బిల్లా, వడ్డీ చెల్లింపా అన్నది యంత్రానికి తెలిసే దారి లేదు.

కాంట్రాక్ట్ కార్మికులకు లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి. జీతం స్లిప్ సరిగా లేని కాంట్రాక్ట్ కార్మికుడికి, లక్ష్మీనగర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే వాళ్లకు, ఆటో డ్రైవర్‌కు ఇన్నాళ్లూ బ్యాంకులు మొహం చూసేవి కావు. రోజూ ఫోన్‌పే, గూగుల్‌పేలో పడే డబ్బే ఇప్పుడు వాళ్లకు ఆదాయ రుజువు. ఇది చిన్న విషయం కాదు. కాకపోతే టెండర్ మారినప్పుడల్లా కాంట్రాక్టర్ పేరు మారుతుంది. పని అదే గనిలో, అదే షిఫ్టులో చేస్తున్నా స్టేట్‌మెంట్‌లో మాత్రం జీతం ఇచ్చేవాడి పేరు మారిపోతుంది. ఒక నెల బిల్లు ఆలస్యమైతే జీతం లేని నెలగా నమోదవుతుంది. తప్పు కాంట్రాక్టర్‌ది, మార్కు పడేది కార్మికుడికి.

ఖర్చులు చూసి అప్పు ఇవ్వాలా అన్న చర్చ ఇక్కడిది మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో వెస్ట్‌పాక్ బ్యాంకుపై అక్కడి నియంత్రణ సంస్థ ఇదే విషయంలో కోర్టుకెక్కింది. దరఖాస్తుదారులు చెప్పిన ఖర్చులను బ్యాంకు సరిగా లెక్కలోకి తీసుకోలేదన్నది ఆరోపణ. 2019 ఆగస్టులో జడ్జి పెర్రమ్ ఆ వాదన కొట్టేశారు. ఈ రోజు ఖరీదైన మాంసం, వైన్ మీద ఖర్చు పెడుతున్న మనిషి లోన్ తీసుకున్నాక చవక తిండికి మారొచ్చు కదా అన్నది ఆయన తర్కం. 2020లో అప్పీల్‌లోనూ అదే తీర్పు నిలిచింది. న్యూజిలాండ్‌లో కథ తిరగబడింది. 2021 డిసెంబర్‌లో రూల్స్ కఠినం చేస్తే, బ్యాంకులు హోటల్ తిండి ఖర్చుల దాకా తవ్వడంతో గొడవై, 2022లో సడలించాల్సి వచ్చింది. అక్కడ కనీసం కోర్టులో, పార్లమెంటులో మాట్లాడుకున్నారు.

అలాగని ఖర్చులు చూడడమే తప్పని కాదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్న వాళ్లు ఉన్నారు. తీర్చే శక్తి చూడకుండా ఐదు నిమిషాల్లో అప్పు చేతిలో పెట్టడం వల్ల వచ్చిన తిప్పలవి. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్‌లలో నెల జీతం పోగొట్టుకున్న కుర్రాడికి ఇంకో ఐదు లక్షలు ఇవ్వకపోవడం అతని ఇంటికే మేలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను తెలంగాణ 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చింది. ఖాతాలో అలాంటి చెల్లింపులు కనిపిస్తే అనుమానించడం సహజం. గెలకాల్సింది గేమింగ్ చెల్లింపునా, భార్యకు పంపిన డబ్బునా అన్న తేడా తెలియకపోవడమే సమస్య.

తిరస్కరిస్తే ఏం చేయాలి?

లోన్ దరఖాస్తు తిరస్కరిస్తే బ్యాంకు ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమావళిలోనే ఉంది. 'సిస్టమ్ ఒప్పుకోలేదు' అన్నది కారణం కిందికి రాదు. లాభాల వాటా, ఏరియర్స్ పడ్డ నెలల పే స్లిప్, భార్య ఖాతా స్టేట్‌మెంట్ దరఖాస్తుతో పాటే ఇస్తే బ్రాంచ్‌లో మనిషి చూసే అవకాశం పెరుగుతుంది. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. అందులో తప్పులుంటే 30 రోజుల్లో సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఉంది. డిజిటల్ లోన్ ఇచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు అడిగితే అది రిజర్వ్ బ్యాంక్ నిబంధనలకే విరుద్ధం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448 నంబర్ ఉంది.

ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ కాగితాలేవీ పనికిరావు. కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడానికి బ్యాంకులో పట్టేది కొద్ది సమయమే, తర్వాత ఆ వ్యాపారి ఇంటి ముందుకు వచ్చి నిలబడితే ఎవరు అండగా ఉంటారన్నదే వాళ్ల భయం.